సంయమం ఎవరి ధర్మం?

గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్టమీది బండలపై అశోకుడి ధర్మశాసనాలు ఉన్నాయి. వాటిలో మొదటిదాంట్లో ఒక వంటింటి లెక్క ఉంది. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ కూర కోసం లక్షల ప్రాణులను చంపేవారట. ఆ శాసనం రాయించే నాటికి అది మూడింటికి తగ్గింది: రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందు ముందు ఈ మూడింటినీ చంపబోరని కూడా అందులో మాట ఇచ్చారు. లక్షలు అన్నది పెంచి చెప్పిన మాటే అయినా కావచ్చు. దానివల్ల ఆ శాసనం విలువ తగ్గదు. ఒక రాజ్యం తన వాడకాన్ని తానే లెక్కగట్టి, ఎంత తగ్గించుకుందో, తగ్గించుకోవలసింది ఇంకా ఎంత మిగిలి ఉందో నలుగురికీ తెలిసేలా రాతిమీద చెక్కించింది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో జరిగిన ఈ పని ఈనాటి ప్రభుత్వాల్లో చాలావాటికి ఇంకా అలవాటు కాలేదు. దేశాల వాడకం భూమి భరించగల హద్దును దాటిపోయిన ఈ కాలంలో ఆ శాసనం మన ముందు ఒక పాత ప్రశ్నను కొత్తగా పెడుతోంది. కోరికకు కళ్ళెం వేసుకోవడం మనిషి ధర్మమా, రాజ్యం ధర్మమా?

మన సంప్రదాయాలు ఎక్కువగా మొదటి జవాబే ఇచ్చాయి. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం త్యాగభావంతోనే అనుభవించమని, ఎవరి సొత్తుకూ ఆశపడవద్దని బోధిస్తుంది. జైనుల పంచ మహావ్రతాల్లో అపరిగ్రహం, అంటే దేన్నీ కూడబెట్టుకోకపోవడం, ఒకటి. మిగిలిన శాస్త్రాలన్నీ బూడిదైపోయినా ఆ ఒక్క ఈశ మంత్రం మిగిలితే హిందూధర్మం బతుకుతుందని గాంధీజీ నమ్మారు. సంపన్నులు తమ సంపదకు యజమానులు కారు, ధర్మకర్తలు మాత్రమే అన్న ఆయన ఆలోచనకు కూడా ఆ మంత్రంలో బలం దొరికింది. ఈ బోధలన్నీ ఒక్కొక్క మనిషిని ఉద్దేశించి చెప్పినవే. ఈనాటి ప్రభుత్వ ప్రచారమూ అదే దారిలో నడుస్తోంది. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని కేవడియాలో మొదలైన ‘మిషన్ లైఫ్’ గుడ్డసంచి పట్టుకెళ్ళమని, సిగ్నల్ దగ్గర బండి ఇంజను ఆపమని, ఎల్ఈడీ బల్బు వాడమని పౌరుణ్ణి కోరుతుంది. ఇవన్నీ చేయవలసినవే. అయితే ఒక దేశం భూమిమీద మోపుతున్న భారం ఆ దేశంలోని మనుషుల అలవాట్ల మొత్తం కాదు. ఆ అలవాట్లను ఏది చౌక చేస్తుందో, ఏది తప్పనిసరి చేస్తుందో, దేన్ని కంటికి కనపడకుండా దాస్తుందో ఆ విధానాలే భారాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి ఈ కాలంలో సంయమం రాజ్యధర్మం కావాలి. మనిషి తీసుకోగల అన్నిటికన్నా పెద్ద వ్రతం, అందరితోపాటు తననూ కట్టిపడేసే న్యాయమైన నియమానికి మనసారా ఒప్పుకోవడం. ఇది నా వాదం.

ఈ వాదానికి మొదటి సాక్ష్యం బౌద్ధ సంఘమే ఇస్తుంది. ఆ సంఘంలో చేరినవాళ్ళు ఇల్లూ పొలమూ వదులుకుని వచ్చినవాళ్ళు. కోరికను జయించాలన్న దీక్ష వాళ్ళకన్నా ఎక్కువగా ఎవరికి ఉంటుంది? అయినా వాళ్ళ వాడకాన్ని ఎవరి మనస్సాక్షికీ వదిలిపెట్టలేదు. వినయపిటకం భిక్షువుకు మూడు చీవరాలని, అంటే మూడు వస్త్రాలని, హద్దు పెట్టింది. అదనపు బట్ట పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. అదనపు భిక్షాపాత్రకూ పది రోజులే గడువు. వర్షావాసం నియమం పుట్టిన తీరు ఇంకా గమనించదగ్గది. వానాకాలంలో కూడా భిక్షువులు ఊరూరూ తిరుగుతూ పచ్చని మొలకలను తొక్కుతున్నారని, చిన్న చిన్న ప్రాణుల్ని చంపుతున్నారని జనం సణిగారు. ఇతర మతాల సన్యాసులు కూడా ఒకచోట ఉంటారు, పక్షులు సైతం గూడు కట్టుకుని కూర్చుంటాయి, వీళ్ళకేమైందని అడిగారు. ఆ మాట బుద్ధుడి చెవిన పడ్డాక, వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండాలని సంఘం మొత్తానికి నియమం వచ్చింది. శ్రీలంక, థాయ్‌లాండ్, మయన్మార్‌లలో నేటికీ అది నడుస్తోంది. ఒక్కడు నడిచినప్పుడు నాలుగు మొలకలు నలుగుతాయి, అది కంటికి ఆనదు. వందలమంది నడిచినప్పుడు రైతు చేను పాడవుతుంది. తప్పు ఏ ఒక్కరి అడుగులోనూ లేదు, అందరి అడుగులూ కలిసినచోట ఉంది. అక్కడ కరుణ ఒక్కటే చాలదని, కట్టుబాటు కావాలని, ఆ కట్టుబాటు నష్టపోయినవాడి ఫిర్యాదును విని పుట్టాలని బుద్ధుడు గ్రహించాడు.

కలిసినచోట ఉన్న ఈ తప్పును కొలవడానికే 1990ల తొలి ఏళ్ళలో కెనడాలో విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ పర్యావరణ పాదముద్ర అనే లెక్కను రూపొందించారు. ఒక దేశం తినే తిండికి, వాడే కలపకు, కట్టుకునే ఇళ్ళకు, వదిలే బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే అడవులకు ఎంత నేల, ఎంత నీటిపట్టు అవసరమో లెక్కించి, ఉన్న నేలతో పోల్చడమే ఆ పద్ధతి. దాని ప్రకారం 2025లో మానవజాతి ఏడాదికి సరిపడా వనరుల్ని జూలై 24కే ఖర్చు చేసేసింది. మన దేశంలో తలసరి పాదముద్ర సుమారు ఒక గ్లోబల్ హెక్టారు, అమెరికాలో అది ఏడెనిమిది. మనిషిమనిషికీ చూస్తే మనది చాలా తక్కువే. కానీ మన నేల తలకు ఇవ్వగలిగింది అర గ్లోబల్ హెక్టారు కూడా లేదు. అంటే పొదుపుగా బతికే మనుషులున్న దేశం మొత్తంగా అప్పులో ఉంది. ఈ లెక్కకు కొన్ని లోపాలూ ఉన్నాయి. భూగర్భజలం తరిగిపోవడాన్ని, నేల కొట్టుకుపోవడాన్ని అది సూటిగా పట్టుకోలేదు. తెలుగు నేలకు అసలు గండం ఆ పట్టుకోలేని చోటే ఉంది.

ప్రపంచంలో భూగర్భజలాన్ని అందరికన్నా ఎక్కువగా తోడుతున్న దేశం మనదే, మొత్తంలో దాదాపు నాలుగో వంతు. తోడిన దాంట్లో ఎక్కువ భాగం సాగుకే పోతుంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ కింద ఉన్నది గట్టి రాయి. రాతి పగుళ్ళలో నిలిచిన నీరే బోరుకు ఆధారం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది ఇరవై నాలుగు గంటలకు పెరిగింది. అప్పుల్లో కూరుకున్న మెట్టరైతుకు ఆ నిర్ణయం ఊపిరి పోసిన మాట నిజం. చెరువులూ కాలవలూ ఉన్న ప్రాంతాల రైతుకు ప్రభుత్వ ఖర్చుతో నీరు అందుతుంటే, సొంత ఖర్చుతో బోరు వేసుకున్నవాడికి కరెంటు బిల్లు ఎందుకన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఒక ఊరి రైతుల్లో ఒకరు ధర్మబుద్ధితో వరి మానేసి కొర్రో కందో వేశారనుకోండి. ఆయన నేలలో మిగిల్చిన నీరు అక్కడే ఆగదు, రాతి పగుళ్ళ వెంట పక్క చేను బోరులోకి పోతుంది. ఒకరి త్యాగం మరొకరి మోటారు పాలవుతుంది. పైగా మద్దతు ధరతో కొనుగోలు ఖాయంగా ఉండేది వరికే కాబట్టి ఆ సంవత్సరం నష్టపోయేది ఆ త్యాగి కుటుంబమే. ధర్మంగా నడిచినవాణ్ణి నష్టపరిచి, నడవనివాడికి లాభం చూపే ఏర్పాటును అలాగే ఉంచి, జనానికి పొదుపు బోధించడం అన్యాయం. 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి కావాలంది, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలంది. ఒక చేత్తో ఆ చట్టం రాసి, మరో చేత్తో కొలత లేని కరెంటు ఇస్తే ఏ చెయ్యి గెలుస్తుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నా వాదానికి ఎదురయ్యే ఒక గట్టి ఆక్షేపణ అశోకుడే చేశాడు. ఇప్పుడు ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లాలో ఉన్న తోప్రా స్తంభంమీది ఏడో శాసనంలో, పట్టాభిషేకం తర్వాత ఇరవై ఏడో ఏట, ఆయన తన జీవితకాలపు పనిని బేరీజు వేసుకున్నాడు. జనంలో ధర్మం రెండు దారుల్లో పెరిగిందని, ఒకటి నియమాలు పెట్టడమని, రెండోది ఆలోచింపజేసి ఒప్పించడమని చెప్పి, నియమాలవల్ల జరిగింది కొద్దేనని, ఒప్పించడంవల్ల జరిగిందే ఎక్కువని తేల్చాడు. అంతకు ఒక ఏడాది ముందే ఏ ఏ ప్రాణుల్ని చంపకూడదో పేర్లతో జాబితా ఇచ్చి, అడవుల్ని ఊరికే తగలబెట్టకూడదని, పురుగులున్న పొట్టుకు నిప్పు పెట్టకూడదని నియమాలు చెక్కించిన రాజు ఈ మాట అంటున్నాడు. దీన్ని తేలికగా తీసుకోలేం. శాసించగల బలం ఉన్నవాడే శాసనంమీద పూర్తి నమ్మకం లేదంటున్నాడు.

అయినా ఆ మాటను వ్యక్తి వ్రతమే చాలునన్న అర్థంలో తీసుకోవడం పొరపాటు. ఒప్పించడాన్ని అశోకుడు గాలికి వదల్లేదు. దానికోసం ధర్మమహామాత్రులనే ఉద్యోగుల్ని నియమించాడు, అధికారుల్ని ఊళ్ళు తిరగమన్నాడు, శాసనాలు చదివి వినిపించే ఏర్పాటు చేశాడు. అంటే ఆయన దృష్టిలో ఒప్పించడం కూడా రాజ్యం చేయవలసిన పనే. మరో తేడా కూడా ఉంది. జీవహింస మానమని చెప్పినప్పుడు వినేవాడికి ఎదురుగా జంతువు ఉంటుంది, చేతిలో కత్తి ఉంటుంది, తను చేసేది తనకు తెలుస్తుంది. పర్యావరణ హింసలో కత్తి ఎవరి చేతిలోనూ కనబడదు. మీట నొక్కినవాడికి బొగ్గు గని కనబడదు, బోరు వేసినవాడికి రాతి పగుళ్ళలో తరుగుతున్న నీరు కనబడదు. కనబడనిదాన్ని కనబడేలా చేసే కొలత ఉంటే తప్ప ఒప్పించడానికి ఆధారమే దొరకదు. ఈ మాటకు రుజువు తెలుగునేలమీదే దొరికింది. 2000ల దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకునే ఒక ప్రయత్నం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో జరిగింది. రైతులు, వాళ్ళలో ఆడవాళ్ళూ, తమ ఊరి వానను కొలిచారు, బోరుల్లో నీటిమట్టం చూశారు, ఎంత ఇంకిందో, రబీలో ఎంత తోడవచ్చో ఊరి గోడమీద రాసుకున్నారు. నీటి బడ్జెట్ వేసుకుని దాన్నిబట్టి పంట నిర్ణయించుకున్నారు. ఎవరూ ఎవర్నీ నిషేధించలేదు, సబ్సిడీ ఎర వేయలేదు. చాలాచోట్ల రైతులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. అశోకుడు చెప్పిన ఒప్పించడం ఇలాగే ఉంటుందనిపిస్తుంది. అయితే ఆ గోడమీది లెక్కకు చట్టబలం లేదు. అదే ఊరికి వచ్చే కరెంటు, అదే పంటకు వచ్చే ధర ఆ లెక్కను పట్టించుకోవు. ఒప్పించడానికీ నియమానికీ పోటీ పెట్టడం వృథా. నియమం అడ్డు తిరిగినచోట ఒప్పించడం ఎంతకాలమో నిలవదు.

నియమమంటే ఏదో ఒక నిషేధం అనుకుంటే వచ్చే చేటు కూడా మనకు తెలుసు. పంజాబ్ 2009లో భూగర్భజలాన్ని కాపాడాలని ఒక చట్టం చేసింది. మండుటెండలో నీరు ఆవిరైపోకుండా, జూన్ 10కి ముందు వరినాట్లు వేయకూడదంది. ఉద్దేశం మంచిది. కానీ నాటు వెనక్కి జరిగితే కోత కూడా వెనక్కి జరుగుతుంది. వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య గడువు తరిగిపోయింది. యంత్రం కోసిన చేలో మిగిలిన దుబ్బుల్ని తీయించడానికి రైతుకు రోజులూ లేవు, కూలికి డబ్బూ లేదు. అందుకని నిప్పు పెట్టడం అక్టోబరు చివరికి, నవంబరుకు జరిగింది. సరిగ్గా అప్పుడే ఉత్తరాదిలో గాలి కదలక నిలిచిపోతుంది. పొట్టుకు నిప్పు పెట్టవద్దన్న రాజు స్తంభం ఉన్న నగరంమీదికే ఆ పొగ చేరుతోంది. ఇందులో రైతు పాపం ఎంత? వరినీ గోధుమనూ మాత్రమే ఖాయంగా కొన్న విధానం, కరెంటు ఉచితంగా ఇచ్చిన విధానం, నీటిని మాత్రమే చూసి గాలిని చూడని చట్టం కలిసి ఆ అగ్గిపుల్ల గీశాయి. శ్రీలంక ఇంకా కఠినమైన పాఠం చెప్పింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. రైతులకు నేర్పలేదు, ప్రత్యామ్నాయం సిద్ధం చేయలేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, ఆ ఏడాది నవంబరుకల్లా వెనక్కి తగ్గవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం కార్యక్రమం దీనికి పూర్తిగా ఎదురు తీరు. రైతు సాధికార సంస్థ దాన్ని మహిళా సంఘాల ద్వారా, సాగు చేసి చూపిన రైతుల ద్వారా ఏళ్ళ తరబడి ఊరూరా విస్తరిస్తోంది. 2024లో దానికి గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. లక్ష్యం రెండుచోట్లా ఒకటే. ఒకచోట ఆజ్ఞ ముందు వచ్చింది, మరోచోట అవగాహన ముందు వచ్చింది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది. ప్రకృతి పేరుతో రాజ్యం చేసిన చట్టాల భారం మొదట పడేది ఎప్పుడూ బలహీనుడిమీదే. దీన్ని కాదనేవారు మన్యం చరిత్ర చదవాలి. 1882 మద్రాసు అటవీచట్టం అడవుల్ని రక్షిత ప్రాంతాలుగా మార్చి, పోడు సాగును, కట్టెపుల్లను, పశువుల మేతను నేరం చేసింది. ఓడలకూ రైల్వేలకూ కలప నరికిన ప్రభుత్వమే ఆదివాసీ గొడ్డలిని అడవికి శత్రువంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనుక మన్యం లేచి నిలబడటానికి ఆ చట్టం పెట్టిన బాధ ఒక ముఖ్యకారణం. స్వతంత్ర భారతం ఆ తప్పును చట్టంలో ఒప్పుకోవడానికి 2006 అటవీహక్కుల చట్టం దాకా ఆగవలసి వచ్చింది. ప్రపంచం మెచ్చుకునే భూటాన్‌లోనూ ఇలాంటి చీకటి ఉంది. 2008 రాజ్యాంగంలో అరవై శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాసుకున్న ఆ బౌద్ధరాజ్యం నుంచి, 1990ల మొదట్లో నేపాలీ మాట్లాడే దక్షిణప్రాంత ప్రజలు సుమారు లక్షమంది వెళ్ళగొట్టబడి శరణార్థి శిబిరాల పాలయ్యారు. చెట్టును కాపాడే రాజ్యం మనిషిని కూడా కాపాడుతుందన్న హామీ లేదు. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే అశోకుడి శాసనాల వరుస నాకు ముఖ్యం. అశోకుడు జనం వంటింటి జోలికి పోకముందు తన వంటింటి లెక్క చెప్పాడు. ఎక్కువ వాడేవాడి దగ్గర మొదలుకాని సంయమ విధానం ధర్మం పేరు పెట్టుకోవడానికి తగదు. నగరంలో నాలుగు ఏసీలున్న ఇంటిని, వందల ఎకరాల గనిని, ఒక్క సంతకంతో అడవి మార్పిడికి అనుమతి పొందే ప్రాజెక్టును వదిలేసి పోడు రైతును, బోరు రైతును పట్టుకునే చట్టం 1882 చట్టానికి కొనసాగింపే.

దీన్నిబట్టే పాశ్చాత్యదేశాల మాట కూడా చెప్పుకోవాలి. రెండు వందల ఏళ్ళు బొగ్గు కాల్చి ధనికులైనవారు ఇప్పుడు మనకు పొదుపు చెప్పడం ఏమిటని చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్నే. గాలిలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువులో వారి వాటా పెద్దది, వారు చెల్లించవలసిన బాకీ కూడా పెద్దదే. ఆ బాకీని అంతర్జాతీయ వేదికల్లో మన ప్రభుత్వం ఎంత గట్టిగా అడిగినా నాకు సమ్మతమే. కానీ అనంతపురంలో ఎండిన బోరుకు, పంజాబ్‌లో ఏడాదికి ఇంకే నీటికి ఒకటిన్నర రెట్లకు పైగా తోడటానికి అమెరికా కారణం కాదు. ఆ నష్టం భరించేదీ అమెరికా కాదు. పొరుగువాడి తప్పు పెద్దదైనంత మాత్రాన మన పిల్లలకు మనం చేసే అపకారం చిన్నదైపోదు. పైగా ధనికదేశాలూ పేదదేశాలూ న్యాయంగా ఒక నియమానికి కట్టుబడటం సాధ్యమేనని మాంట్రియల్ ఒప్పందం చూపించింది. ఓజోన్ పొరను తినేసే రసాయనాలపై 1987లో కుదిరిన ఆ ఒప్పందం ధనికదేశాలకు ముందుగడువు, మనలాంటి దేశాలకు ఎక్కువ వ్యవధి, మారడానికి అయ్యే ఖర్చుకు ఉమ్మడి నిధి ఏర్పాటు చేసింది. ప్రపంచదేశాలన్నీ చేరాయి. ఆ రసాయనాల్లో దాదాపు అన్నిటి వాడకమూ ఆగిపోయింది. ఫ్రిజ్ కొనడం మానతానని ఎవరూ వ్రతం పట్టలేదు. ఫ్రిజ్ లోపలి రసాయనాన్ని చట్టం మార్చింది. కోట్లమంది తమకు తెలియకుండానే అహింసకు దగ్గరయ్యారు.

అలాగని సాంకేతికతే అన్నీ చూసుకుంటుందని కూర్చోలేం. బొగ్గును తక్కువగా వాడే యంత్రాలు వచ్చినకొద్దీ ఇంగ్లండులో బొగ్గు వాడకం పెరిగిందని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే చూపాడు. పొదుపు చేసే యంత్రం పనిని చౌక చేస్తుంది, చౌకైన పని ఎక్కువవుతుంది. డ్రిప్ పెట్టి మిగిల్చిన నీటితో ఇంకో రెండెకరాలు తడిపితే భూగర్భానికి మిగిలేది ఏమీ లేదు. మొత్తంమీద ఒక హద్దు పెట్టనిదే పొదుపు కూడా ఖర్చుగానే మారుతుంది. మొత్తానికి హద్దు పెట్టడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. కాబట్టి మళ్ళీ రాజ్యం దగ్గరికే వస్తాం.

హద్దు ఎవరికోసం అన్నదే ఇందులోని అసలు తాత్త్విక చిక్కు. పుట్టనివాళ్ళకు హక్కులేమిటి, వాళ్ళు మనకు తిరిగి ఏమి ఇస్తారని కొందరు ఆలోచనాపరులు అడిగారు. ఒప్పందం ఇద్దరి మధ్య ఉంటుంది, ఒకడు ఇంకా లేనేలేడు కదా అన్నది వారి వాదం. దానికి జవాబు వాదంలోకన్నా మన పూర్వుల పనిలో తేటగా ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో అక్కడి చెరువు గురించి 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలతో ఆ చెరువు కట్టించాడని అది చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటూ, మొదటి అంగంగా ధర్మపరుడైన రాజును, చివరి అంగంగా కట్టడం తెలిసిన పనివాళ్ళను చెప్పింది. చెరువుకుండే ఆరు దోషాల్లో, నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడాన్ని ఒకటిగా లెక్కించింది. వనరును మించిన వాడకం దోషమని రాజ్యమే రాతిమీద ఒప్పుకోవడం ఇది. ఆ చెరువు తవ్వినవాళ్ళలో ఎవరూ మనల్ని చూడలేదు, మననుంచి ఏమీ ఆశించలేదు. ఆచంద్రార్కం నిలవాలని కోరుకుని కట్టారు. పుట్టనివాళ్ళకు బాకీపడటం సాధ్యమేనని ఆరున్నర శతాబ్దాలుగా ఆ కట్ట రుజువు చేస్తోంది. ఒక మనిషి వ్రతం అతని ఆయుస్సుతో ముగుస్తుంది. అతను పోయాక కూడా మాట నిలబెట్టగలిగేది చట్టం, సంస్థ, ఊరుమ్మడి కట్టుబాటు. భూటాన్ తన అడవి మాటను ప్రభుత్వ పథకంలో పెట్టకుండా రాజ్యాంగంలోనే పెట్టడానికి కారణం ఇదే. ఎనిమిది లక్షల జనాభా లేని దేశాన్ని మనతో పోల్చలేమన్నది నిజం. వాళ్ళ జలవిద్యుత్తు, వాళ్ళ కొండలు మనకు లేవు. అయినా ఎన్నికలకు అందనిచోట హద్దును భద్రపరచాలన్న ఆ ఒక్క ఆలోచన జనాభాతో ముడిపడినది కాదు.

ఇక మనం అడగవలసినవి ఏమంత అసాధ్యమైనవి కావు. డబ్బుల బడ్జెట్ పెట్టిన రోజే రాష్ట్రంలో ఎంత వాన కురిసింది, ఎంత ఇంకింది, ఎంత తోడాం, ఎంత అడవి పోయింది, ఎంత నేల చవుడైంది అన్న లెక్క శాసనసభ ముందుకు రావాలి. అందులో ప్రభుత్వ కార్యాలయాల వాడకం, పెద్ద పరిశ్రమల వాడకం మొదట ఉండాలి. రబీకి ముందు ప్రతి ఊరి నీటి లెక్క గ్రామసభలో చదవాలి, ఆ లెక్కకు వాల్టా చట్టంలో చోటు ఇవ్వాలి. ఉచిత విద్యుత్తును రైతు చేతినుంచి లాక్కోమని నేను అనను. పంజాబ్ 2018లో మొదలుపెట్టిన ప్రయోగంలో, వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్ కరెంటుకు రైతుకు నాలుగు రూపాయలు ఇచ్చారు. నీరు మిగిల్చినవాడు నష్టపోకుండా లాభపడే అలాంటి దారి మనకూ కావాలి. కొర్రకూ కందికీ వరికి ఉన్నంత నమ్మకమైన కొనుగోలు కావాలి. గుడ్డసంచి పట్టుకునేవారికి, మాంసం మానేసినవారికి, కార్తీకంలో దీపానికి నూనె కూడా కొలిచి పోసేవారికి నా విన్నపం ఒక్కటే. మీ వ్రతాన్ని ఇంటి గడప దగ్గర ఆపకండి. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని, మీ పాలనలో మా ఊరి నీటి లెక్క ఎవరు రాస్తారు, ఏ రోజున చదువుతారు అని అడగండి. జవాబు చెప్పలేనివారికి ఓటు వేయకండి.